గొలుసు ఎక్కడ తెగితే ఎంత నష్టం: డోడొన్‌పాచి స్కోరు లెక్క

తెర నిండా గులాబీ, నీలం రంగుల తూటాలు. పై నుంచి కిందికి మెల్లగా, పూరేకులు విచ్చుకున్నట్టు వలయాలు వలయాలుగా దిగుతుంటాయి. వాటి నడుమ బొటనవేలంత విమానం ఒకటి సందులు వెతుక్కుంటూ జారిపోతుంటుంది. బుల్లెట్ హెల్, అంటే 'తూటాల నరకం' అనే రకం వీడియో షూటింగ్ ఆటను మొదటిసారి చూసేవారికి కలిగేది ఒకటే ఆశ్చర్యం: ఇన్ని తూటాల మధ్య మనిషి ఎలా బతుకుతున్నాడు? అదే తెరను ఆట తెలిసినవారు చూస్తే వారి చూపు ముందుగా ఎడమ వైపు పై మూలకు వెళ్తుంది. అక్కడ ఒక చిన్న పట్టీ నిండుతూ, తరుగుతూ ఉంటుంది. దాని పక్కన హిట్ల సంఖ్య, అంటే వరుస దెబ్బల లెక్క, పెరుగుతుంటుంది. నూట ఇరవై, నూట యాభై, రెండు వందలు. ఆ పట్టీ ఖాళీ అయితే, విమానానికి చిన్న గీటు కూడా పడకపోయినా, చూస్తున్నవారు నిట్టూరుస్తారు.

తూటాలను తప్పించుకోవడం ఒక ఆట. ఆ పట్టీని ఆరనివ్వకుండా కాపాడుకోవడం ఇంకో ఆట. రెండూ ఒకే తెర మీద, ఒకే చేతితో, ఒకే సమయంలో ఆడాలి. మొదటి ఆట భయం మీద నడుస్తుంది, రెండోది ఆశ మీద. ఈ రెండింటినీ ఎంత బాగా ముడివేశారన్నదే ఈ జాతి ఆటల గొప్పదనానికి అసలు కొలత. 1997లో జపాన్ ఆర్కేడ్‌లలోకి, అంటే నాణేలు వేసి ఆడే వీడియో ఆటల కేంద్రాల్లోకి వచ్చిన డోడొన్‌పాచి ఆ ముడిని ఎలా వేసిందో చూస్తే మిగిలిన ఆటల సంగతి కూడా చాలావరకు అర్థమవుతుంది.

ఈ ఆట వంశవృక్షం చిన్నదే. ఎనభైల్లో, తొంభైల మొదట్లో షూటింగ్ ఆటలకు పేరుపడిన టోఆప్లాన్ అనే జపాన్ సంస్థ 1993లో బట్సుగన్ అనే ఆటను తెచ్చింది. తూటాల సంఖ్యను ఒక్కసారిగా పెంచి, వాటి వడి తగ్గించి, నమూనాలుగా పేర్చిన తొలి ఆటగా చాలామంది దీన్నే చెబుతారు. మరుసటి ఏడాది టోఆప్లాన్ దివాలా తీసింది. అక్కడి నుంచి బయటికి వచ్చినవారిలో కొందరు కేవ్ అనే సంస్థను నిలబెట్టారు. కేవ్ మొదటి ఆట డొన్‌పాచి 1995లో వచ్చింది, దాని కొనసాగింపే డోడొన్‌పాచి. రెండింటి వెనకా ప్రధానంగా పనిచేసిన ప్రోగ్రామర్ త్సునేకి ఇకెదా. జపనీస్‌లో డొన్‌పాచి అంటే తుపాకుల ఢాం ఢాం చప్పుడు. అదే మాటను వేరే లిపి గుర్తులతో రాసి 'నాయక తేనెటీగ' అనే అర్థం తెప్పించారు. రెండో ఆటకు ముందు 'కోపం' అనే అక్షరం చేర్చారు. అందుకే ఈ ఆటలో తేనెటీగలు పదే పదే కనిపిస్తాయి. ఈ జాతి ఆటలకు జపాన్‌లో ఉన్న పేరు 'డన్మకు', అంటే తూటాల తెర. నరకం అనే ఇంగ్లిషు పేరు కన్నా ఇదే ఈ ఆటలకు దగ్గరగా ఉంది. ఎందుకంటే ఇందులో చూడవలసింది బాధను కాదు, ఆ తెర మీది నేతను.

ముందు బతకడం గురించి. తెర మీద కనిపించే విమానం పెద్దదే అయినా, తూటా తగిలితే ప్రాణం పోయే భాగం దాని నడుమ కొన్ని పిక్సెళ్ల మేర మాత్రమే ఉంటుంది. ఆటగాళ్లు దీన్ని హిట్‌బాక్స్ అంటారు. రెక్కల మీదుగా తూటాలు దాటిపోయినా ఏమీ కాదు. ఇది తెలిసిన రోజున ఆట రూపమే మారిపోతుంది. అంతవరకు గోడలా కనిపించినది ముగ్గులా కనిపించడం మొదలవుతుంది. చుక్కలెక్కడున్నాయో, వాటి మధ్య దారి ఎక్కడుందో కంటికి ఆనుతుంది. తూటాలు నెమ్మదిగా రావడం కూడా అందుకే. వేగంగా వచ్చే ఒక్క తూటాను తప్పించుకోవాలంటే చురుకుదనం కావాలి. నెమ్మదిగా వచ్చే వంద తూటాల మధ్య దారి చదవాలంటే నిదానం కావాలి. పాత షూటింగ్ ఆటలు మొదటిది అడిగేవి, ఇవి రెండోది అడుగుతాయి.

తూటాల్లోనూ రెండు రకాలున్నాయి. కొన్ని విమానాన్ని గురిపెట్టి వస్తాయి. కొన్ని విమానం ఎక్కడున్నా పట్టించుకోకుండా ముందే గీసిన నమూనాలో విచ్చుకుంటాయి. గురిపెట్టి వచ్చేవాటిని తప్పించుకోవడం తేలిక, కానీ దానికో క్రమం ఉంది. తెర ఒక చివర నుంచి రెండో చివరకు మెల్లగా, అంగుళం అంగుళంగా జరుగుతూ పోతే తూటాలన్నీ ఒక్క అడుగు వెనకే పడుతుంటాయి. కంగారుపడి ఎక్కువ దూరం జరిగినవారికి కొద్దిసేపట్లోనే చోటు అయిపోతుంది. చివరకు చేరాక తూటాల వరుసను విడదీసి, ఆ సందులోంచి ఒక్క ఉదుటున వెనక్కి దూకాలి. నమూనా తూటాల విషయంలో ఈ కిటుకు పనిచేయదు. వాటిని చదవడమే మార్గం. కష్టమైన చోట్ల ఈ రెండు రకాలూ కలిసి వస్తాయి. నమూనా గోడలు కడుతుంది, గురి తూటా ఆ గోడల మధ్య కదలమని తరుముతుంది.

విమానానికి రెండు ఆయుధాలున్నాయి, రెండింటికీ మీట ఒక్కటే. మీటను తడుతూ ఉంటే వెడల్పుగా సాగే మామూలు షాట్ వస్తుంది, విమానం చురుగ్గా కదులుతుంది. మీటను నొక్కి పట్టుకుంటే లేజర్ వస్తుంది, విమానం నెమ్మదిస్తుంది. లేజర్ బలంగా ఉంటుంది, కానీ సన్నగా ఉంటుంది. సన్నని సందుల్లో దూరాలంటే నెమ్మది కావాలి కాబట్టి లేజర్ పట్టుకోవడం రక్షణ కూడా అవుతుంది. ఈ చిన్న ఏర్పాటులో ఉన్న తెలివిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కాల్పు, వేగం, కాసేపట్లో చెప్పుకోబోయే గొలుసు, ఈ మూడింటినీ ఒక్క వేలికే అప్పగించారు. ఆ వేలు తీసుకునే ప్రతి నిర్ణయం మూడు లెక్కలనూ ఒకేసారి మారుస్తుంది. ఆట మొదట్లో మూడు రకాల విమానాలలో ఒకదాన్ని, దానితో పాటు షాట్‌కు బలం కావాలా లేజర్‌కు బలం కావాలా అన్నదాన్ని ఎంచుకోవాలి. ఎర్ర విమానం చురుకైనది, కాల్పు సన్నం. నీలం విమానం నిదానం, కాల్పు వెడల్పు. ఆకుపచ్చది హెలికాప్టర్. దాని పక్క తుపాకులు కదిలే దిశను బట్టి తిరుగుతాయి.

ఇక గొలుసు. ఒక శత్రువును కూల్చగానే ఎడమ మూలలోని పట్టీ నిండుతుంది, వెంటనే తరగడం మొదలవుతుంది. అది పూర్తిగా తరిగేలోపు ఇంకో శత్రువును కూలిస్తే హిట్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది, పట్టీ మళ్లీ నిండుతుంది. తరిగిపోతే గొలుసు తెగుతుంది, లెక్క మొదటికి వస్తుంది. దొరికే వ్యవధి కనురెప్పపాటు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇంతవరకు ఇది ఎన్నో ఆటల్లో ఉన్నదే. తేడా అంతా పాయింట్ల లెక్కలో ఉంది. గొలుసులో ఒక శత్రువును కూల్చినప్పుడు ఆ శత్రువు విలువ ఒక్కటే రాదు. ఆ గొలుసులో అంతకు ముందు కూల్చిన శత్రువులందరి విలువ కూడా మళ్లీ కలిసి వస్తుంది. 100, 200, 300 విలువలున్న మూడింటిని వరుసగా కూలిస్తే మొదట 100, తర్వాత 300, ఆ తర్వాత 600 వస్తాయి. విడివిడిగా కూలిస్తే మొత్తం 600, గొలుసులో కూలిస్తే 1,000.

మూడింటి దగ్గర ఈ తేడా చిన్నదే. వంద దగ్గర చూడాలి. లెక్క సులువుగా ఉండేందుకు అన్నీ 100 పాయింట్ల శత్రువులే అనుకుందాం. ఒకే గొలుసులో వందను కూలిస్తే 5,05,000 పాయింట్లు. అదే గొలుసు సరిగ్గా నడుమ, యాభై దగ్గర ఒక్కసారి తెగి మళ్లీ మొదలైతే 2,55,000. కూల్చిన శత్రువుల సంఖ్య అదే, పోయిన ప్రాణాలు సున్నా, కానీ స్కోరు దాదాపు సగానికి పడిపోయింది. తొంభై దగ్గర తెగితే 4,15,000. పది దగ్గర తెగినా అంతే, 4,15,000.

దీన్ని కాస్త తరచి చూస్తే అందమైన సూత్రం ఒకటి బయటపడుతుంది. గొలుసు ఒకచోట తెగితే కలిగే నష్టం, తెగక ముందు కూల్చిన శత్రువుల సంఖ్యను తెగిన తర్వాత కూల్చబోయే వారి సంఖ్యతో గుణించి, ఒక్కొక్కరి విలువతో మళ్లీ గుణిస్తే వచ్చేదానికి సమానం. యాభై దగ్గర తెగితే యాభై ఇంటూ యాభై, అంటే ఒక శత్రువు విలువకు 2,500 రెట్లు. తొంభై దగ్గర తెగితే తొంభై ఇంటూ పది, అంటే 900 రెట్లు మాత్రమే. స్టేజీ (ఆటలోని ఒక్కో అంచె) మొదట్లో తెగితే పెద్దగా పోయేది లేదు, చివర్లో తెగినా పోయేది తక్కువే. నడుమ తెగితే మాత్రం వెన్ను విరిగినట్టే. హిట్ల సంఖ్య పెరిగేకొద్దీ భయం కూడా పెరుగుతూ పోతుందని ఆటగాడికి అనిపిస్తుంది, కానీ లెక్క ఒప్పుకోదు. నష్టం స్టేజీ నడుమ శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగుతుంది. చివరి పది శత్రువుల దగ్గర చేతులు వణికించుకునే వ్యక్తి నిజానికి గండం దాటేసి ఉన్నాడు.

ఈ లెక్క నుంచే మరో సంగతి తేలుతుంది, ఇది మరింత ఆచరణకు వచ్చేది. గొలుసులో ముందు చేరిన విలువ ఆ తర్వాత కూల్చే ప్రతి శత్రువుతోనూ మళ్లీ వస్తుంది. కాబట్టి ఎక్కువ విలువ ఉన్న శత్రువును ఎంత ముందు కూలిస్తే అంత లాభం. వంద శత్రువులలో ఒకటి 1,000 పాయింట్లది అనుకుంటే, దాన్ని మొదటే కూలిస్తే అదనంగా వచ్చేది 90,000. చిట్టచివర కూలిస్తే 900. అదే శత్రువు, అదే కాల్పు, తేడా వంద రెట్లు. వరుస మార్చడం ఒక్కటే చేసిన పని. తెర మీద అయిదు చిన్న విమానాలు, ఒక పెద్ద యుద్ధశకటం ఒకేసారి కనిపించినప్పుడు ముందు ఏది అన్న ప్రశ్న ఇక్కడ చేతి అలవాటుకు వదిలే విషయం కాకుండా పోతుంది.

అయితే పెద్ద శత్రువును ముందు కూల్చేయడం అన్నివేళలా కుదరదు. అక్కడే లేజర్ పాత్ర మొదలవుతుంది. పెద్ద శత్రువు మీద లేజర్ పడుతున్నంతసేపూ పట్టీ పూర్తిగా ఆరిపోదు, హిట్లు కూడా మెల్లగా పెరుగుతాయి. కానీ పట్టీ నిండుగానూ ఉండదు, అడుగున కొద్దిగా మిగులుతుందంతే. ఆ శత్రువు పేలిపోయాక, లేదా లేజర్ పక్కకు జరిగాక, తర్వాతి శత్రువును అందుకోవడానికి దొరికే సమయం చాలా తక్కువ. అందువల్ల పెద్ద శత్రువు అనేది గొలుసులో ఒక వంతెన. చిన్న విమానాల దండు ఒకటి అయిపోయి తర్వాతి దండు రావడానికి మధ్య ఖాళీ ఉంటే, ఆ ఖాళీని దాటించేది ఈ వంతెనే. వంతెనను తొందరపడి కూల్చేస్తే అవతలి ఒడ్డుకు చేరే దారి ఉండదు. సంగీతం తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. చరణానికీ చరణానికీ మధ్య తాళం ఆగదు, గాయకుడు ఒక స్వరాన్ని పట్టుకుని నిలబెడతాడు. లేజర్ చేసేది అదే.

ఇప్పుడు స్టేజీ మొత్తాన్ని ఈ కోణంలో చూడాలి. తెర తనంతట తానే పైకి కదులుతూ ఉంటుంది, శత్రువులు ప్రతిసారీ దాదాపు ఒకే వరుసలో వస్తారు. అంటే దారిని ముందుగా ఆలోచించి రాసుకోవచ్చు. ఎడమ వైపు దండులో చివరి విమానాన్ని అరక్షణం బతకనివ్వాలి, లేకపోతే కుడి వైపు శకటం వచ్చేలోపు పట్టీ ఆరిపోతుంది. నేల మీది తుపాకీ స్థావరాన్ని ముందే సగం దెబ్బతీసి ఉంచుకోవాలి, అవసరమైన చోట ఒక్క దెబ్బతో పేలేలా. ఇంకో పెద్ద విమానాన్ని చంపగలిగినా చంపకూడదు, లేజర్‌తో పట్టుకుని నాలుగు లెక్కపెట్టాలి. శత్రువును వీలైనంత త్వరగా కూల్చాలన్నది షూటింగ్ ఆటల్లో అందరికీ మొదట వచ్చే బుద్ధి. గొలుసు ఆ బుద్ధిని మాన్పిస్తుంది. శత్రువు ఇక్కడ దాచుకునే ధాన్యం లాంటిది. ముందున్న కరవును ఊహించి, ఎంత తినాలో ఎంత దాచాలో తేల్చుకోవాలి.

దాచుకున్న శత్రువు మాత్రం ఊరుకోదు, కాలుస్తూనే ఉంటుంది. ఈ ఆట రూపకల్పనలో ఆయువుపట్టు ఇదే. బతకడం ఒక్కటే లక్ష్యమైతే శత్రువును కనపడగానే కూల్చి, తెర అడుగున నిలబడి, ఇరుకులో పడ్డప్పుడు బాంబు వేస్తే సరిపోతుంది. గొలుసు కావాలనుకున్న క్షణం నుంచి శత్రువులను బతకనివ్వాలి, అంటే తూటాలను పెంచుకోవాలి. తర్వాతి దండు రాగానే అందుకోవాలి, అంటే తెర పైకి, తూటాలు పుట్టే చోటికి వెళ్లాలి. ప్రమాదాన్ని ఎంత మేర తెచ్చుకోవాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. కష్టం ఎంత ఉండాలో ఎంచుకునే పట్టిక ఏదీ ఆట పెట్టకపోయినా, స్కోరు రూపంలో ఆ పని జరిగిపోతుంది. స్కోరు పట్టించుకోనివారికి డోడొన్‌పాచి ఒక కఠినమైన ఆట. పట్టించుకునేవారికి అదే తూటాలతో, అదే స్టేజీలతో ఇంకో రెండు మెట్లు పైన ఉండే ఆట.

తేనెటీగల సంగతి క్లుప్తంగా. ఒక్కో స్టేజీలో 13 తేనెటీగ పతకాలు కంటికి కనబడకుండా దాగి ఉంటాయి. సరైన చోట లేజర్ పడితే బయటపడతాయి. ఒక్కోటి తీసుకునేకొద్దీ తర్వాతి దాని విలువ పెరుగుతుంది, ప్రాణం పోతే ఆ పెరుగుదల మొదటికి వస్తుంది. గొలుసు దారి ఒక వైపు లాగుతుంటే ఇవి ఇంకో వైపు లాగుతాయి. ఊహించి కనుక్కునే వీలు లేకుండా దాచడం వల్ల వీటిలో గొలుసుకున్న లోతు లేదు. ఎక్కడున్నాయో తెలిసినవారికి దొరుకుతాయి, తెలియనివారికి దొరకవు.

ఆరు స్టేజీలు ముగిస్తే ఆట ముగిసినట్టే, కానీ అందరికీ కాదు. తక్కువ ప్రాణాలు మాత్రమే పోగొట్టుకుని రావడం, తగినంత పొడవైన గొలుసు కట్టడం, తేనెటీగలను పూర్తిగా సేకరించడం వంటి షరతుల్లో ఏదో ఒకటి నెరవేర్చినవారికి రెండో చుట్టు తెరుచుకుంటుంది. అవే స్టేజీలు, మరింత దట్టమైన తూటాలు. దాని చివర హిబాచి అనే పేరున్న తేనెటీగ ఎదురుచూస్తుంటుంది. హిబాచి అంటే నిప్పు తేనెటీగ. దాని తూటాల వేగం, సాంద్రత చూసినవారు ఇది మనుషుల కోసం చేసినదేనా అని అడగడం సహజం. ఇక్కడ గమనించవలసింది ఆ షరతుల స్వభావం. బాగా బతికినవారికీ దారి ఉంది, బాగా స్కోరు కట్టినవారికీ దారి ఉంది. ఆట రెండు రకాల నైపుణ్యాలనూ ఒకే తలుపు దగ్గరికి తెచ్చి నిలబెట్టింది.

ఇంత చెప్పాక ఈ పద్ధతిలోని లోపాన్ని కూడా ఒప్పుకోవాలి. గొలుసు చాలా కఠినమైన యజమాని. స్టేజీ మొత్తం ఒకే గొలుసుగా కట్టాలన్నది ఉత్తమ ఆటగాళ్ల గురి. నడుమ ఒక్క పొరపాటుతో సగం విలువ పోతుంది కాబట్టి, ఆ తర్వాత మిగిలిన ఆట అంతా వారికి చప్పబడిపోతుంది. చాలామంది అక్కడే ఆపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. పొరపాటును సరిదిద్దుకునే దారిని ఆట చూపించదు. పైగా దారిని ముందే రాసుకోవాలి కనుక అప్పటికప్పుడు కొత్తగా ఆలోచించే అవకాశం తగ్గుతుంది. గొలుసు దారిని కంఠస్థం చేసినవారి ఆటలో పద్యం తప్పులేకుండా అప్పజెప్పిన ఘనత ఉంటుంది. ఆశువుగా చెప్పిన ఉత్సాహం మాత్రం కొంత తగ్గుతుంది.

ఇతర ఆటలు ఇదే ప్రశ్నకు చెప్పిన జవాబులు చూస్తే డోడొన్‌పాచి ఎంచుకున్న దారి మరింత స్పష్టమవుతుంది. ఒక ఏడాది ముందు, 1996లో రైజింగ్ సంస్థ నుంచి బ్యాటిల్ గరెగ్గా వచ్చింది. దాన్ని ప్రోగ్రామ్ చేసినది షినోబు యగావా. ఆ ఆటలో 'ర్యాంక్' అనే కనబడని కొలత ఒకటి నడుస్తుంటుంది. ఎక్కువ కాల్చినా, ఆయుధాలను పెంచుకున్నా, వస్తువులు ఏరుకున్నా ర్యాంక్ పెరిగి ఆట కష్టమవుతుంది. ప్రాణం పోతే ర్యాంక్ తగ్గుతుంది. ప్రతి పది లక్షల పాయింట్లకు ఒక ప్రాణం అదనంగా వస్తుంది. కాబట్టి అక్కడి ఆటగాళ్లు బాగా స్కోరు కట్టి ప్రాణాలు సంపాదించి, ఆ ప్రాణాలను కావాలనే వదులుకుంటూ ర్యాంక్‌ను అదుపులో పెడతారు. చావు అక్కడ ఒక ఖర్చు, స్కోరు ఆదాయం. శత్రువులు వదిలే పతకాల విలువ 100 నుంచి 10,000 దాకా పెరుగుతుంది, ఒక్కటి చేజారి కింద పడినా మళ్లీ 100. కేవ్ ఆటలో స్కోరు కోసం బతుకును పణంగా పెట్టాలి, గరెగ్గాలో స్కోరు లేనిదే బతుకు లేదు.

ట్రెజర్ సంస్థ 2001 చివర్లో తెచ్చిన ఇకారుగా లెక్క ఇంకో రకం. దర్శకుడు హిరోషి ఇయుచి. విమానానికి తెలుపు, నలుపు అని రెండు రంగులు, మీట నొక్కి మార్చుకోవచ్చు. తన రంగు తూటాలను విమానం మింగేస్తుంది, ఎదుటి రంగు తగిలితే ప్రాణం పోతుంది. ఎదుటి రంగు శత్రువును కొడితే దెబ్బ రెట్టింపు పడుతుంది. అంటే త్వరగా చంపాలంటే ఆ శత్రువు తూటాకు లొంగే రంగులో ఉండాలి. ఒకే రంగు శత్రువులను మూడేసి చొప్పున కూల్చాలి. మొదటి ముగ్గురికి 100, తర్వాతి ముగ్గురికి 200, ఆపై 400, ఇలా రెట్టింపవుతూ తొమ్మిదో ముగ్గురి దగ్గర 25,600కు చేరి అక్కడ ఆగుతుంది. తొమ్మిది మెట్లు ఎక్కేసరికి వచ్చేది 51,100. శిఖరానికి చేరాక అదే తొమ్మిదికి 2,30,400. గొలుసు తెగితే ఆ మెట్లు మళ్లీ ఎక్కాలి, పోయేది ఈ రెండింటి తేడా, అంటే 1,79,300. ముందు తొమ్మిది మెట్లు ఎక్కి ఉండి, తర్వాత ఇంకో తొమ్మిదయినా మిగిలి ఉంటే, తెగిన చోటు ఏదైనా నష్టం ఇంతే. డోడొన్‌పాచిలో నష్టం కొండలా నడుమ ఎత్తుగా ఉంటే, ఇకారుగాలో అది చదునైన నేల. వ్యవధి తొందర కూడా అక్కడ లేదు. రంగు వరుస తప్పనంతవరకు ఎంతసేపు ఆగినా గొలుసు తెగదు. అందుకే ఇకారుగా ఆలోచనకు చోటిస్తుంది, డోడొన్‌పాచి ఊపిరి తీసుకోనివ్వదు. ఇకారుగాను ఒక్క తూటా కూడా కాల్చకుండా పూర్తి చేయడం కూడా సాధ్యమే. బాస్‌లు, అంటే స్టేజీ చివర వచ్చే పెద్ద శత్రువులు, గడువు తీరాక తమంత తామే వెళ్లిపోతాయి.

కేవ్ కూడా తన పద్ధతి దగ్గరే ఆగిపోలేదు. 2003లో వచ్చిన కెట్సుయ్‌లో శత్రువును ఎంత దగ్గరగా ఉండి షాట్‌తో కూలిస్తే అంత పెద్ద అంకె ఉన్న చిప్ అనే బిళ్ల దొరుకుతుంది, 1 నుంచి 5 వరకు. గొలుసు అడిగే కాలపు క్రమశిక్షణ బదులు అది దూరాన్ని కొలిచింది. ప్రమాదానికి దగ్గరైతే లాభం అన్న మాటను ఇంత నేరుగా చెప్పిన స్కోరు పద్ధతి మరొకటి దొరకడం కష్టం. కొత్తగా ఈ ఆటల్లోకి వచ్చేవారికి కెట్సుయ్ పద్ధతి ముందు అర్థమవుతుంది, ఎందుకంటే తప్పు జరిగితే దాని దెబ్బ గొలుసు తెగినంత దూరం పోదు. అయినా వందల శత్రువులను ఒకే తీగ మీద గుచ్చిన డోడొన్‌పాచి గొలుసులో ఉన్న నిండుదనం దానికి లేదు. స్టేజీ మొత్తాన్ని ఒకే వాక్యంగా మార్చే శక్తి ఈ పాత గొలుసుకే ఉంది.

చివరగా కాలం సంగతి, ఎందుకంటే గొలుసు అంతా కాలం మీదే నిలబడి ఉంది. తెర మీద తూటాలు మరీ ఎక్కువైనప్పుడు నాటి యంత్రం లెక్కలు చేయలేక ఆట మొత్తం నెమ్మదిస్తుంది. తూటాలు నీటిలో తేలుతున్నట్టు కదులుతాయి, పట్టీ కూడా మెల్లగా తరుగుతుంది. ఆటగాళ్లు ఆ నెమ్మదిని లోపంగా చూడలేదు, తమ దారుల్లో భాగం చేసుకున్నారు. ఎక్కడ ఆట నెమ్మదిస్తుందో తెలిసినవారు సరిగ్గా అక్కడే ఇరుకైన సందులోకి దిగుతారు. అసలు ఆర్కేడ్ బోర్డు, అంటే ఆటను నడిపే యంత్రం, సెకనుకు దాదాపు 57.5 ఫ్రేములు (ఒక్కో నిలిచిన బొమ్మ ఒక ఫ్రేము) మాత్రమే గీస్తుంది. ఈ ఆట 1997లోనే సెగా శాటర్న్‌కూ, మరుసటి ఏడాది ప్లేస్టేషన్‌కూ, అంటే ఇంట్లో ఆడుకునే యంత్రాలకు వచ్చింది. ఇప్పుడు పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ల మీద ప్రపంచమంతటా ఆడుతున్నారు. ఫ్రేముల లెక్కన నడిచే ఆటను సెకనుకు 60 ఫ్రేముల తెర మీద సవరణ లేకుండా నడిపితే దాని వేగం నాలుగు శాతానికి పైగా పెరుగుతుంది. నెమ్మదించవలసిన చోట నెమ్మదించకపోతే తేడా ఇంకా ఎక్కువ. అప్పుడు పట్టీలో మిగిలిన ఆఖరి ఫ్రేములో అందవలసిన శత్రువు అందదు. ఆర్కేడ్ బోర్డు మీద కుదిరిన గొలుసు, స్టేజీ సరిగ్గా నడుమ, ఆటగాడి తప్పు లేకుండానే తెగుతుంది.